స్లిప్పర్ ఆర్కిడ్లు: దక్కన్ నగరంలో మొలక నుంచి పూత దాకా

స్లిప్పర్ ఆర్కిడ్లు ఆర్కిడ్ కుటుంబంలో ఒక చిన్న శాఖ. పువ్వు కింది రేకు సంచిలా ముడుచుకుని చెప్పు ముందుభాగంలా కనిపించడం వీటి గుర్తు. ఈ శాఖలో ఐదు ప్రజాతులున్నాయి: సిప్రిపీడియం, పాఫియోపెడిలం, ఫ్రాగ్మిపీడియం, సెలెనిపీడియం, మెక్సిపీడియం. కుండీల్లో ఎక్కువగా పెంచేది పాఫియోపెడిలాన్ని. భారతదేశం నుంచి దక్షిణ చైనా, ఆగ్నేయాసియా మీదుగా న్యూగినీ, సోలమన్ దీవుల దాకా ఇది సహజంగా పెరుగుతుంది. జాతులు సుమారు వంద. హైదరాబాద్‌లో, అందులోనూ దబీర్‌పురా లాంటి పాతబస్తీ పేటలో ఈ మొక్క నిలవదనే మాట తరచు వినిపిస్తుంది. ఎందుకంటే వేడి అంటారు. వేడి మాట నిజమే. అయితే సాక్ష్యాన్ని వరసగా పేర్చి చూస్తే, వేడికి విరుగుడు ఈ ఊరి గాలిలోనే ఉంది. మొలకలను ఎక్కువగా పొట్టన పెట్టుకునేది నీళ్లలో కరిగి ఉన్న ఉప్పు. మొలక ప్రయోగశాల సీసా నుంచి బయటికొచ్చింది మొదలు తొలి పువ్వు విచ్చేదాకా గడిచే మూడు నుంచి ఐదేళ్లలో పెంపకందారు తీసుకునే నిర్ణయాలన్నిటిలో నీటి ఎంపికే ముందు నిలుస్తుందని ఈ వ్యాసం వాదిస్తుంది.

మొక్క స్వభావం

డెండ్రోబియం, కాట్లియా వంటి ఆర్కిడ్లలో కాండం ఉబ్బి నీటిని దాచుకునే దుంపలా మారుతుంది. వారం పది రోజులు నీళ్లు అందకపోయినా ఆ దుంప మొక్కను కాస్తుంది. స్లిప్పర్ ఆర్కిడ్‌కు అలాంటి నిల్వ లేదు. విసనకర్రలా రెండు వైపులా విచ్చుకున్న నాలుగైదు ఆకులు, వాటి కింద గోధుమరంగు నూగు కప్పుకున్న కొద్దిపాటి వేళ్లు, అంతే. పెద్ద మొక్కకు కూడా వేళ్లు పదో పదిహేనో ఉంటాయి. పెళుసుగా ఉండి, విరిగితే తొందరగా మళ్లీ రావు. సీసా నుంచి అప్పుడే తీసిన మొలకకైతే రెండు మూడే ఉంటాయి. అడవిలో ఇవి చాలావరకు నేల మీద ఆకుచెత్తలో, నాచు పట్టిన రాళ్ల సందుల్లో వేళ్లూనుకుంటాయి. అక్కడ తడి ఎప్పుడూ ఆరదు, అలాగని నీళ్లు ఎప్పుడూ నిలవవు. పెంపకంలో వచ్చే చిక్కులన్నీ ఈ రెండు లక్షణాల నుంచే పుడతాయి: నిల్వ లేదు కాబట్టి ఎండబెట్టకూడదు, వేళ్లు తక్కువ కాబట్టి ఒక్కటి కూడా కుళ్లకూడదు, మాడకూడదు.

పూత కూడా ఈ నిర్మాణాన్ని బట్టే వస్తుంది. ఒక ఆకుగుత్తి పూర్తిగా ఎదిగాక దాని నడిమి నుంచి పూకాడ వస్తుంది. ఒకసారి పూసిన గుత్తి మళ్లీ పూయదు. పక్కనుంచి పిలక లేచి, అది ఎదిగి, తన వంతుకు పూస్తుంది. కాబట్టి పువ్వు అనేది ఆ గుత్తి పుట్టిన నాటి నుంచి వేళ్లు చేసిన కష్టానికి చివర అందే ఫలితం. మొగ్గ తొడిగే నెలలో ఎరువు ఎక్కువ వేసి పూయించబోవడం ఈ మొక్క దగ్గర పనిచేయదు. ఆకుగుత్తి తగిన పరిమాణానికి రావాలి. ఆ పరిమాణానికి తెచ్చేది వేరు.

పువ్వును దగ్గరగా చూస్తే దాని పనితనం తెలుస్తుంది. సంచి అంచు లోపలికి మడిచి నున్నగా ఉంటుంది. వాలిన ఈగ కాలు జారి లోపల పడుతుంది. వచ్చిన దారిన ఎక్కలేదు. వెనక గోడ మీదున్న నూగును పట్టుకుని పైకి పాకితే ముందు కీలాగ్రం కింద నుంచి దూరాలి, తరవాత రెండు పరాగకోశాల్లో ఒకదాన్ని వీపుతో రాసుకుంటూ ఇరుకు సందులోంచి బయటపడాలి. ఇంతకుముందు వేరే పువ్వులో అంటిన పుప్పొడి ఈ కీలాగ్రానికి, ఇక్కడి పుప్పొడి తరవాతి పువ్వుకు చేరుతుంది. బోర్నియోలోని కినబాలు కొండ మీద పెరిగే రోత్‌షీల్డియానం జాతి ఇంకో అడుగు ముందుకేసింది. దాని పువ్వు నడిమి కవచం మీది నూగు పేనుబంక గుంపులా కనిపించి, పేనుబంకను తిని పెరిగే హోవర్ ఈగలను గుడ్లు పెట్టడానికి రప్పిస్తుంది. పుట్టే పురుగుకు అక్కడ తిండే దొరకదు. ఇలాంటి ఈగ లేని నగరంలో ఆ పని మనిషి పంటిపుల్లతో చేస్తాడు. కాయ పండటానికి ఆరు నుంచి పది నెలలు పడుతుంది.

విత్తనం నుంచే ఎందుకు

ఆర్కిడ్ విత్తనం ధూళి లాంటిది. వరిగింజలో, చిక్కుడుగింజలో పిల్లమొక్కకు కావలసిన తిండి ముందే ఉంటుంది; ఆర్కిడ్ విత్తనంలో అది దాదాపు శూన్యం. అడవిలో తగిన శిలీంధ్రం వచ్చి విత్తనంలోకి చొచ్చుకుని ఆహారం అందిస్తేనే అది మొలుస్తుంది. ఈ సంగతిని 1899లో ఫ్రెంచి శాస్త్రవేత్త నోయెల్ బెర్నార్ కనిపెట్టాడు. శిలీంధ్రం లేకుండానే, సీసాలో చక్కెర కలిపిన అగరు మీద ఆర్కిడ్ విత్తనాలను మొలిపించవచ్చని 1922లో అమెరికా శాస్త్రవేత్త లూయిస్ నుడ్‌సన్ నిరూపించాడు. నేటి ఆర్కిడ్ పరిశ్రమ ఆ సీసా మీదే నిలబడింది. 1960 తరవాత మరో మార్గం తెరుచుకుంది: ఫ్రాన్స్‌లో జార్జ్ మొరెల్ సింబీడియం మొక్క కొసను సీసాలో పెంచి, ఒకే మొక్కకు వేల నకళ్లు తీసే దారి చూపించాడు. ఇవాళ పూలదుకాణాల్లో చవగ్గా దొరికే ఫలనాప్సిస్ ఇలా తయారైనదే. స్లిప్పర్ ఆర్కిడ్ మాత్రం ఆ పద్ధతికి విరివిగా లొంగలేదు. దాని పెరిగే కొస ఆకుల మధ్య లోతుగా దాగి ఉంటుంది; దాన్ని సూక్ష్మజీవులు లేకుండా తీయడం కష్టం, తీసినా పెరుగుదల మందం.

దీనివల్ల ఈ మొక్క ఇప్పటికీ ప్రధానంగా విత్తనం నుంచే వస్తోంది. విత్తనం చల్లిన సీసాను మొదట చీకట్లో ఉంచుతారు. మొలకెత్తాక ఒకటి రెండుసార్లు కొత్త అగరు మీదికి మారుస్తారు. ఏడాది నుంచి రెండేళ్లకు గాని నాలుగైదు సెంటీమీటర్ల ఆకులతో, రెండు మూడు వేళ్లతో బయటికి తీయదగిన మొలక తయారు కాదు. ఒకే కాయలోంచి వచ్చిన వందల మొలకల్లో ఏ రెండూ ఒకేలా ఉండవు: ఒకటి మూడో ఏట పూస్తుంది, దాని తోబుట్టువు ఐదో ఏట పూస్తుంది; రంగు, ఆకారం కూడా వేరు. ఇంగ్లండ్‌లోని వీచ్ నర్సరీలో జాన్ డొమినీ చేసిన తొలి స్లిప్పర్ సంకరం హారిసియానం 1869లో పూసింది. అప్పటినుంచి ఇప్పటిదాకా పేరున్న ప్రతి మొక్కా ఇలా ఎవరో ఒక మొలకను ఓపికగా పెంచి చూసినందువల్ల తెలిసిందే. పోయిన మొలకకు మారుగా మరోటి తెచ్చుకోవచ్చు గాని, అది అదే మొక్క కాదు. అందుకే మొలక దశలో జరిగే నష్టాన్ని తేలిగ్గా తీసుకోకూడదు.

మన నేల, మన ఆర్కిడ్లు

తెలుగువారికి ఆర్కిడ్ కొత్త కాదు. సామర్లకోటలో తోట పెట్టుకుని పనిచేసిన విలియం రాక్స్‌బర్గ్ కోరమాండల్ తీరపు మొక్కల మీద 1795 నుంచి వెలువరించిన బొమ్మల గ్రంథంలో మామిడిచెట్ల మీద పెరిగే వాండా కూడా ఉంది. పాడేరు, అరకు, అనంతగిరి అడవుల్లో, నల్లమలలో చెట్ల మీదా నేల మీదా పెరిగే ఆర్కిడ్ జాతులు చాలానే ఉన్నాయి. కాని స్లిప్పర్ ఆర్కిడ్ తూర్పు కనుమల్లో లేదు. దక్షిణ భారతానికంతా ఉన్నది ఒక్కటే, పాఫియోపెడిలం డ్రూరీ. కేరళ, తమిళనాడు సరిహద్దులోని అగస్త్యమల కొండల్లో సుమారు 1400 మీటర్లకు పైన, రాళ్ల మధ్య గడ్డిలో ఇది పెరుగుతుంది. పసుపు రేకుల నడుమ ముదురు గోధుమరంగు చార దాని అందం. 1865లో కల్నల్ హీబర్ డ్రూరీ దాన్ని చూశాడు. 1874లో మద్రాసు అటవీ అధికారి రిచర్డ్ హెన్రీ బెడ్డోమ్ శాస్త్రీయంగా వర్ణించాడు. మిగిలిన భారతీయ జాతులు ఇన్‌సిగ్నె, వెనుస్టం, స్పైసెరియానం, ఫేరియానం, విల్లోసం, హిర్సుటిస్సిమం వంటివి ఈశాన్య కొండలవి. అంటే మన దేశపు స్లిప్పర్ ఆర్కిడ్లన్నీ చల్లని ఎత్తుల మొక్కలు. హైదరాబాద్‌లో ఇది నిలవదనే అభిప్రాయానికి మూలం ఇక్కడ ఉండి ఉండవచ్చు. పన్నెండు పదమూడు డిగ్రీల రాత్రులు వరసగా పడితే తప్ప ఇన్‌సిగ్నె వర్గానికి పూకాడ రావడం కష్టం. అలాంటి మొక్కను తెచ్చి, ఆకులే తప్ప పువ్వు లేదని ఊరిని నిందించడం న్యాయం కాదు.

వేడి గురించి

దబీర్‌పురా నగరపు పాత ప్రాకారం లోపలి పేట. ఆ ప్రాకారానికున్న పదమూడు దర్వాజాల్లో ఇప్పటికీ నిలిచి ఉన్నవి రెండే, దబీర్‌పురా దర్వాజా, పురానాపూల్ దర్వాజా. ఇక్కడ ఇళ్లు ఒకదాన్నొకటి ఆనుకుని ఉంటాయి, గల్లీలు ఇరుకు, డాబాలు పగలంతా కాగి రాత్రంతా ఆ వేడిని వదులుతుంటాయి. సముద్రమట్టానికి ఐదు వందల మీటర్లకు పైనున్న ఈ ఊళ్లో మే నెల సగటు గరిష్ఠ ఉష్ణోగ్రత 39 డిగ్రీల దాపు. 1966 జూన్ 2న 45.5 డిగ్రీలు నమోదైంది. స్లిప్పర్ ఆర్కిడ్లలో వెచ్చని నేలల జాతులు పగలు 24 నుంచి 30 డిగ్రీల మధ్య హాయిగా ఉంటాయి. లెక్క చూస్తే పది డిగ్రీల తేడా.

ఆ తేడాను పూడ్చేది ఈ ఊరి పొడిగాలి. ఏప్రిల్, మే మధ్యాహ్నాల్లో గాలిలో తేమ పాతిక ముప్పై శాతానికి పడిపోతుంది. 40 డిగ్రీల వేడి, 25 శాతం తేమ ఉన్న గాలిలో నీటిని ఆవిరి చేస్తే అది దాదాపు 24 డిగ్రీల దాకా దిగగలదు. ఇళ్లలో వాడే మామూలు ఎయిర్ కూలర్ ఆ దూరంలో మూడొంతులు దించినా 28 డిగ్రీల గాలి వస్తుంది. కోస్తాలో 38 డిగ్రీల వేడికి 55 శాతం తేమ తోడైన రోజున ఇదే పద్ధతి 30 డిగ్రీల దగ్గర ఆగిపోతుంది, అదీ కూలర్ నూటికి నూరుపాళ్లు పనిచేస్తేనే. కాబట్టి థర్మామీటరు ఒక్కదాన్నే చూసి హైదరాబాద్‌ను కోస్తా కంటే కఠినమైన చోటుగా లెక్కగట్టడం పొరపాటు. కిటికీ తెరిచిపెట్టి కూలర్ నడిపిన గదిలో మొలకలకు చల్లదనం, తేమ, గాలి కదలిక మూడూ ఒకేసారి అందుతాయి. ఉష్ణోగ్రత రాత్రికి ఐదారు డిగ్రీలు తగ్గితే ఇంకా మంచిది. పాత దేవిడీల్లో నడిమి వాకిలి, అందులో హౌజు అనే నీటితొట్టి ఉండటం వెనక ఉన్నది కూడా ఈ సూత్రమే. అలాంటి వాకిలి నీడ దొరికినవారికి పని సగం తేలిక.

వెలుతురు విషయంలో ఇరుకు ఇళ్లు అనుకున్నంత అడ్డు కాదు. మే మధ్యాహ్నపు ఎండ లక్ష లక్స్ దాకా ఉంటే ఈ మొక్కకు కావలసింది పది పదిహేను వేల లక్స్. మొలకలకు ఇంకా తక్కువ. డాబా మీద అయితే ఎనభై ఐదు నుంచి తొంభై శాతం ఎండను ఆపే షేడ్‌నెట్ కావాలి, కుండీలు స్లాబు మీద కాకుండా నడుమెత్తు బల్ల మీద ఉండాలి. ఇంట్లో అయితే తూర్పు కిటికీ, లేదా అర మీద ఎల్‌ఈడీ ట్యూబులు రోజుకు పన్నెండు గంటలు చాలు. వంకాయ, గులాబీ కోరే ఎండ దీనికి అక్కర్లేదు. నీడనే కోరుకునే మొక్క కావడం వల్లే ఇది గల్లీ ఇంటికి నప్పుతుంది.

నీటి గురించి

వేడిని దించిన ఆ ఆవిరే నీటి చిక్కును తెచ్చిపెడుతుంది. సీజను చివర కూలర్ గడ్డిని విప్పి చూస్తే తెల్లటి గట్టి పొర కనిపిస్తుంది. బోరు నీళ్లలోని సున్నం, మెగ్నీషియం లవణాలు, కొంత ఉప్పు అవి. నీరు ఎగిరిపోయింది, కరిగి ఉన్నది మిగిలిపోయింది. అచ్చంగా అదే పని ఆర్కిడ్ కుండీలో వేళ్ల చుట్టూ రోజూ జరుగుతుంది. లీటరుకు 600 మిల్లీగ్రాముల లవణాలున్న బోరు నీళ్లు పోశామనుకుందాం. గట్టి రాతినేల మీదున్న ఈ ఊళ్లో అది అసాధారణమైన అంకె కాదు. అందులో మూడింట రెండొంతులు ఆకుల ద్వారా, కుండీ పైనుంచి ఆవిరైతే వేరు చుట్టూ మిగిలిన నీటి గాఢత 1800. ఇంకోసారి పోసేలోపు ఆ గాఢతలోనే వేరు బతకాలి. స్లిప్పర్ మొలకకు 150 లోపు ఉంటే మంచిది, 200 దాటకుండా చూసుకోవాలి. తాగే నీటికి భారత ప్రమాణం పెట్టిన కోరదగిన హద్దు 500, వేరే గతి లేకపోతే 2000 దాకా సమ్మతి. మనిషికి సరిపడే నీళ్లు మొలకకు సరిపడవని ఈ రెండు అంకెలే చెబుతాయి.

ఉప్పు పేరుకున్నప్పుడు వేరు నీటిని లోపలికి లాక్కోలేదు. కుండీ తడిగానే ఉంటుంది, మొక్క మాత్రం దాహంతో ఉంటుంది. ముందు ఆకు కొస గోధుమరంగుకు తిరిగి ఎండుతుంది, తరవాత పాత ఆకులు పసుపెక్కి రాలతాయి. నీటిలోని బైకార్బనేట్లు మాధ్యమాన్ని క్షారంగా మార్చడంతో ఇనుము, మాంగనీసు అందక కొత్త ఆకు పాలిపోతుంది. ఈ లక్షణాలను చూసినవారు వేడిదెబ్బ అనుకుని నీళ్లు ఇంకాస్త ఎక్కువ పోస్తారు. ఉప్పు ఇంకాస్త చేరుతుంది, అప్పటికే మాడిన వేరు కుళ్లుతుంది, మొక్క పోతుంది. నింద ఎండ మీద పడుతుంది. వేడే కారణమైతే వానాకాలంలో మొక్క కోలుకోవాలి. వేరు పోయిన మొలక ఆషాఢం వచ్చినా కోలుకోదు. చలికాలంలో సైతం ఆకు కొసలు మాడుతూనే ఉంటే అది వేడి పని కాదనడానికి వేరే రుజువు అక్కర్లేదు.

దీనికి ఒక గట్టి ఆక్షేపణ ఉంది. నీవియం, కాంకలర్, బెల్లాట్యులం వంటి జాతులు థాయ్‌లాండ్, మలేషియా వైపు సున్నపురాతి గుట్టల మీదే పెరుగుతాయి. సున్నంలో పుట్టిన మొక్కకు సున్నపు నీళ్లు ఎలా చేటు చేస్తాయి? ఆ గుట్టల మీద కురిసేది వాన. రాయి నుంచి కాల్షియం కొద్దికొద్దిగా కరుగుతుంది, కుండపోత వాన వేళ్లను కడుగుతూ పోతుంది. పేరుకునే అవకాశమే ఉండదు. బోరు నీటిలో కాల్షియంతో పాటు సోడియం, క్లోరైడు కూడా వస్తాయి, అవి కుండీ అనే నాలుగు గోడల మధ్య చిక్కుబడతాయి. ఆ జాతుల కుండీలో కాస్త సున్నపురాయి ముక్కలు వేసి వాననీళ్లు పోయడం సరైన పద్ధతి. బోరు నీళ్లు పోయడం దానికి సాటి రాదు. వాడుకలో ఉన్న మరికొన్ని ఉపాయాలు కూడా పరీక్షకు నిలవవు. నీటిని రాత్రంతా బకెట్లో ఉంచితే క్లోరిన్ పోతుంది, లవణాలు పోవు. నీటిని మృదువుగా చేసే యంత్రం కాల్షియాన్ని తీసి సోడియాన్ని పెడుతుంది, మొక్కకు అది ఇంకా చెరుపు. ఆర్వో యంత్రం నుంచి వృథాగా పోయే నీటిని మొక్కలకు పోయడం చాలా ఇళ్లలో అలవాటు. ఇంటి నీటిలోని లవణాలన్నీ పోగుపడింది ఆ నీటిలోనే కాబట్టి ఆర్కిడ్‌కు అది పనికిరాదు.

మరి ఏ నీళ్లు పోయాలి? జవాబు డాబా మీదే ఉంది. హైదరాబాద్ వార్షిక వర్షపాతం సుమారు 800 మిల్లీమీటర్లు, అందులో ఎక్కువ భాగం జూన్ నుంచి సెప్టెంబరు దాకా. యాభై చదరపు మీటర్ల డాబా మీద ఏడాదికి పడేది 40,000 లీటర్లు. యాభై మొలకల కుండీలకు ఒకసారి నీళ్లు పోసి కింద కారేదాకా కడగడానికి ఐదు లీటర్లు చాలు. వారానికి మూడుసార్లు అంటే పదిహేను లీటర్లు. అక్టోబరు నుంచి మే దాకా ముప్పై ఐదు వారాలకు 525 లీటర్లు. వెయ్యి లీటర్ల ట్యాంకు ఒకటి నింపుకుంటే వేసవి గట్టెక్కినట్టే. మొదటి వానలు దుమ్ముతో వస్తాయి కాబట్టి వదిలేసి తరవాతివి పట్టాలి. దోమలు చేరకుండా మూతకు వల కట్టాలి. నగరం ఒకప్పుడు తాగింది కూడా పట్టి నిలిపిన వాననీళ్లే. 1908 మూసీ వరద తరవాత కట్టిన ఉస్మాన్‌సాగర్, అంటే గండిపేట, 1920 నుంచి నిలిపింది ఆ నీటినే. ట్యాంకుకు చోటు లేనివారు ఆర్వో శుద్ధి చేసిన నీటిలో నల్లా నీళ్లు కొంత కలిపి, కరిగిన లవణాలను చూపే టీడీఎస్ మీటరుతో కొలుచుకుని వాడుకోవచ్చు. అచ్చం వాననీళ్లలో కాల్షియం, మెగ్నీషియం ఉండవన్న ఆక్షేపణ సబబైనదే. ఆ రెండూ ఉన్న ఎరువును డబ్బా మీద రాసిన మోతాదులో నాలుగో వంతుకు పలచన చేసి, పక్షానికోసారి ఇస్తే ఆ లోటు తీరుతుంది.

సీసా నుంచి పువ్వు దాకా

నీటి సంగతి తేలితే మిగిలిన క్రమం దానంతట అదే కుదురుతుంది. సీసా తెరవడానికి ఈ ఊళ్లో సరైన కాలం జూన్ చివర, జూలై. సీసాలో నూరు శాతం తేమకు అలవాటు పడిన మొలకకు అప్పటి గాలిలో తేమ డెబ్బై ఎనభై శాతం ఉంటుంది. మార్చిలో తెరిస్తే అదే మొలక రెండు రోజుల్లో వాడుతుంది. అగరును గోరువెచ్చని నీటిలో వదిలించి, వేళ్లు విరగకుండా కడిగి, పదీ పదిహేను మొలకలను ఒకే కుండీలో దగ్గరదగ్గరగా నాటాలి. విడివిడిగా కంటే గుంపుగా ఉన్నప్పుడు మొలకలు బాగా ఎదుగుతాయి; గుంపు మధ్య తేమ నిలుస్తుంది. మాధ్యమంగా సన్నగా కొట్టిన పైన్ బెరడు, బొగ్గు, పెర్లైట్ మేలు. కొబ్బరి డొప్ప ముక్కలు చవకగా దొరుకుతాయి గాని వాటిలోనే ఉప్పు ఉంటుంది. రెండు మూడు రోజులు నీళ్లు మార్చి మార్చి నానబెట్టాకే వాడాలి. మట్టికుండీ చల్లగా ఉంటుందన్న మాట నిజమే, కాని చల్లబరిచేది దాని గోడ నుంచి ఎగిరే ఆవిరే. లవణమూ ఆ గోడలోనే పేరుకుని, దానికి అంటుకున్న వేరును కాలుస్తుంది. మొలకలకు అడుగున చిల్లులున్న చిన్న ప్లాస్టిక్ కుండీలే క్షేమం.

తొలి ఏడాది కొత్త వేరు కనబడటమే ప్రగతికి గుర్తు, ఆకు పొడవు ఆ తరవాతి మాట. ఎనిమిది నుంచి పన్నెండు నెలలకు మొలకలు ఒకదాన్నొకటి తోసుకుంటుంటే విడదీసి ఒక్కొక్కదానికి ఆరేడు సెంటీమీటర్ల కుండీ ఇవ్వాలి. పెద్ద కుండీలో వేస్తే త్వరగా పెరుగుతుందనుకోవడం పొరపాటు. వేళ్లు అందుకోలేని తడి మధ్యలో నిలిచి కుళ్లు తెస్తుంది. ఏడాదికోసారి మాధ్యమం మార్చాలి. కుళ్లిన బెరడు గాలిని ఆపుతుంది, ఉప్పును పట్టి ఉంచుతుంది. నీళ్లు ఉదయమే పోయాలి. వానాకాలపు రాత్రి ఆకుల నడుమ నిలిచిన నీరు వేడిగాలిలో మెత్తకుళ్లుకు దారి తీస్తుంది, ఒక్క రాత్రిలో గుత్తి మొదలు గోధుమరంగుకు తిరిగి ఊడి వస్తుంది. వేసవిలో పిండినల్లి, ఎర్రనల్లి ఆకు అడుగున చేరతాయి. వారానికోసారి ఆకును తిప్పి తుడవడమే మొదటి మందు. తేమ కోసం ఆకుల మీద బోరు నీళ్లు చల్లితే తెల్లటి మచ్చలు మిగులుతాయి, కాబట్టి ఆ పని కూలర్‌కే వదిలేయడం మంచిది.

ఏ మొక్కను ఎంచుకున్నామన్నదాన్ని బట్టి పూతకు పట్టే కాలం మారుతుంది. ఆకుల మీద లేత, ముదురు పచ్చల చారలుండే మాడియే వర్గం ఈ ఊరికి అన్నిటికంటే అనువైనది. కాల్లోసం, లారెన్సియానం జాతుల సంకరంగా 1900లో వచ్చిన మాడియే దీనికి మూలం. వెచ్చని రాత్రులను ఓర్చుకుంటుంది, సీసా నుంచి తీశాక మూడు నుంచి ఐదేళ్లకు పూస్తుంది, పువ్వు ఆరు నుంచి ఎనిమిది వారాలు నిలుస్తుంది. కాంకలర్, నీవియం జాతులూ వేడిని తట్టుకుంటాయి గాని నెమ్మది. ఒకే కాడకు అనేక పూలు పూసే ఫిలిప్పినెన్స్, లోవీ జాతులు వెచ్చదనాన్ని కోరతాయి, వెలుతురు కొంచెం ఎక్కువ అడుగుతాయి, ఓపిక ఇంకా ఎక్కువ అడుగుతాయి. రోత్‌షీల్డియానం పదేళ్లు తీసుకోవడం వింత కాదు. చలి కోరే ఇన్‌సిగ్నె వర్గాన్ని, కొండల మొక్క డ్రూరీని ఈ ఊళ్లో పెట్టుకోకపోవడమే మేలు.

ఇంత శ్రమ ఎందుకు, పూసిన ఫలనాప్సిస్ కొనుక్కుంటే సరిపోదా అనే ప్రశ్న ఉంది. అలంకారం కోసమైతే సరిపోతుంది. కాని నకలు మొక్క ఎలా పూస్తుందో ముందే తెలుసు. విత్తనపు మొలక పూసినప్పుడు లోకంలో అంతకుముందు లేని పువ్వు ఒకటి చేరుతుంది. ఆ అవకాశం కోసమే నూట యాభై ఏళ్లుగా మనుషులు ఈ మొలకలను పెంచుతున్నారు.

అడవి, చట్టం

అంతరించిపోతున్న మొక్కను ఇంట్లో పెంచడమే తప్పు కాదా అనేది మరింత లోతైన ఆక్షేపణ. ఈ కుటుంబం చరిత్రలో దోపిడీ చాలా ఉంది. 1857లో ఇంగ్లండ్‌లో పూసిన ఫేరియానం ఆ తరవాత సాగులోంచి కనుమరుగైతే, దాన్ని తెచ్చినవారికి ఆర్కిడ్ వ్యాపారి ఫ్రెడరిక్ శాండర్ వెయ్యి పౌండ్ల బహుమతి ప్రకటించాడు. 1905లో తూర్పు హిమాలయాల్లో అది మళ్లీ దొరికింది, దొరికాక వేటా మొదలైంది. డ్రూరీని కూడా సేకరణదారులు కొండల నుంచి పెరికేశారు. నేడది అత్యంత ప్రమాదంలో ఉన్న జాతి. 1989లో పాఫియోపెడిలం ప్రజాతినంతటినీ అంతర్జాతీయ వ్యాపార ఒప్పందం సైటిస్ మొదటి అనుబంధంలోకి చేర్చారు. మన వన్యప్రాణి సంరక్షణ చట్టం నిర్దేశించిన రక్షిత మొక్కల్లో స్లిప్పర్ ఆర్కిడ్లు ఉన్నాయి. అడవి నుంచి తీయడం నేరం. కొనేవారు ఆ మొక్క సీసాలో విత్తనం నుంచి పెరిగినదేనని, దానికి తగిన పత్రాలున్నాయని చూసుకోవడం తప్పనిసరి.

ఈ ఆక్షేపణకు జవాబు కూడా మొలకలోనే ఉంది. ఒక్క కాయలో వేల విత్తనాలుంటాయి. సీసాలో పెరిగిన మొలక దొరికినప్పుడు కొండ మీది మొక్కను పెరకడానికి కారణం తగ్గుతుంది. కేరళలోని పాలోడులో ఉన్న జవహర్‌లాల్ నెహ్రూ ఉష్ణమండల వృక్షోద్యానం డ్రూరీ మొలకలను ప్రయోగశాలలో పెంచి తిరిగి కొండల్లో నాటే పనికి పూనుకోవడం కూడా ఈ నమ్మకంతోనే. అయితే ఆ జవాబు నిలవాలంటే ఒక షరతు ఉంది: పెంచిన మొలకలు బతకాలి. మొలకలు పోతూ ఉంటే, ఎదిగిన మొక్క కోసం వెతికేవాళ్లు మళ్లీ అడవి వైపే చూస్తారు. కాబట్టి దబీర్‌పురా డాబా మీద వాననీళ్లు పట్టే ట్యాంకుకు ఆ కొండలతో నేరుగా సంబంధం ఉంది. ఇక్కడ స్లిప్పర్ ఆర్కిడ్ పెంచదలచినవారు ముందు ఇంటి నీటిని టీడీఎస్ మీటరుతో కొలవాలి, వానాకాలంలో ట్యాంకు నింపుకోవాలి, ఆ తరవాతే మొలకలు తెచ్చుకోవాలి. వేడికి కూలర్ ఇప్పటికే ఇంట్లో ఉంది. నీటిని సరిచేయకుండా తెచ్చిన మొక్క, జాతి ఏదైనా, గాలి ఎంత చల్లబరిచినా, తన పువ్వును చూపించేదాకా నిలవదు.